కోటలో వంటిల్లెక్కడ?

మా అత్తగారి రోలు గురించి చెప్పకుండా గండికోట గురించి చెప్పడం నావల్ల కాదు. కోటకీ రోటికీ ఏమిటమ్మా సంబంధం అంటారేమో... కాస్త ఓపిక పట్టండి, చెబుతాను.

మేముండేది అంబర్‌పేటలో, మూడో అంతస్తులో. రెండు పడగ్గదులు, ఒక హాలు, బట్టలారేసుకునే తీగలు రెండూ తులసి కుండీ ఒకటీ పట్టేంత బాల్కనీ. ఆ బాల్కనీలోకి 2020 చివర్లో ఒక నల్లరాతి రోలు వచ్చి కూర్చుంది. మనుషులు మూతులకి గుడ్డలు కట్టుకుని ఒకరినొకరు చూసి తప్పుకు తిరుగుతున్న రోజులవి. అలాంటి రోజుల్లో కడప జిల్లానించి సామానేసుకొస్తున్న ఓ లారీలో, గోనెసంచుల మధ్య పడుకుని, మూడొందల యాభై కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసి వచ్చిందది. లిఫ్టు దాన్ని చూసి మొరాయించింది. ముగ్గురు మనుషులు మెట్లమీద మోసుకొచ్చి, దింపి, నడుములు పట్టుకుని, నావంక అదోలా చూశారు. తెప్పించింది నేను కాదు బాబూ అని చెప్పుకోలేక చచ్చాను.

మా అత్తగారి పుట్టిల్లు కడప జిల్లాలో కొండాపురం వైపు, పెన్న ఒడ్డున. గండికోట జలాశయంలో నీళ్లు నింపుతున్నారు, ఊరు ఖాళీ చెయ్యాలన్నారు. ఇల్లు వదిలేముందు వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, ఇంట్లోంచి నీకేం గావాల చెప్పు, తీసి పెడతా" అని అడిగాడట. వెండి చెంబుంది, టేకు మంచముంది, నాన్నగారి గోడ గడియారముంది. ఈవిడ ఏమడిగిందనుకున్నారు? "అమ్మ రోలు పంపించు నాయనా" అంది!

చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది. మిక్సీ ఉంది, గ్రైండరు ఉంది. బాల్కనీలో మనిషి నిలబడ్డానికే చోటు లేదు. పైగా ఆవిడకి మోకాళ్ల నొప్పులు, రోటి ముందు కూర్చుని నూరేదీ లేదు, చేసేదీ లేదు. మావారితో రెండు మూడుసార్లు అన్నాను కూడా, దాన్ని కిందికి దింపించి వాచ్‌మన్ గది పక్కన పెట్టిద్దామని. ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు. తల్లికీ పెళ్లానికీ మధ్య వచ్చే ఏ విషయానికైనా పేపరు చాలా పెద్ద కోట కదా మగవాళ్లకి!

ఇక నా సంగతి. చిన్నప్పణ్నించీ నాకు పాత కోటలంటే పిచ్చి. హైదరాబాదులో కాపరం కాబట్టి, ఊళ్లనించి చుట్టాలొస్తే గోల్కొండ చూపించే పని నాదే. ఎన్నిసార్లు ఎక్కానో లెక్కలేదు. కింది దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్‌లో వినిపిస్తుందని చూపించడం, చుట్టాలు నోళ్లు తెరవడం, పిల్లలు అరచేతులు ఎర్రబడేదాకా చప్పట్లు కొట్టడం... అదంతా నాకు కంఠతా. అలా ఒకసారి గోల్కొండ దిగి వచ్చి నేను గొప్పలు పోతుంటే, మా అత్తగారు కాళ్లకి నూనె రాసుకుంటూ, "ఏమ్మే, గోల్కొండ గోల్కొండంటావు. మా గండికోట జూసినావా ఎప్పుడన్నా? కింద పెన్న, పైన కోట. అంచున నిలబడితే కండ్లు తిరుగుతాయి" అంది.

"మీరు చూశారా అత్తయ్యా?"

"చూడకేం? పెండ్లి కాకముందు బండి గట్టుకొని పోతిమి. సద్ది మూట గట్టుకొని. ఆ కోనేటి కాడనే కూచోని తింటిమి."

ఆ తర్వాత కొంచెంసేపు ఊరుకుని, "ఇంగోసారి ఆపక్క పోవాలనుంది" అంది. ఆపక్క అంటే కోట పక్క అనుకున్నాన్నేను. ఆవిడ మనసులో ఉన్నది వేరే అని నాకప్పుడు తట్టలేదు.

ఊరికే వెళ్లి చూసి వస్తే నాకు తృప్తి ఉండదు. నాలుగు ముక్కలు చదువుకుని వెళ్లాలి. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది కదా, నాలుగు మధ్యాహ్నాలు అక్కడ కూర్చున్నాను. అశోక్‌నగర్ గదుల్లో ఉండి ఉద్యోగ పరీక్షలకి చదువుకునే పిల్లలతో కిటకిటలాడుతుంటుంది. వాళ్ల మధ్య నెరిసిన జుట్టుతో నేనూ నోటుబుక్కు తెరిచి రాసుకుంటుంటే, పక్క కుర్రాడు గౌరవంగా, "ఏ పరీక్షకి ఆంటీ?" అని అడిగాడు. "మా అత్తగారి పరీక్షకి నాయనా" అన్నాను.

కాచిగూడలో రాత్రి రైలెక్కి, తెల్లవారుజామున ఎర్రగుంట్లలో దిగాం. అక్కణ్నించి జమ్మలమడుగు మీదుగా కారులో. దారికి రెండు పక్కలా చిట్టి చిట్టి పొదలు, ఎర్రటి రాళ్లు, అక్కడక్కడ పచ్చటి చేలు. కొండ ఎక్కుతున్నట్టే తెలియదు. ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా ఎర్రరాతి గోడ, దాని బురుజులూ, మేకులు దిగ్గొట్టిన పెద్ద తలుపూ. లోపలికి వెళ్లాక ఆశ్చర్యం ఏమిటంటే, కోట మధ్య ఒక ఊరు బతికే ఉంది! గడపలకి పసుపు, ముంగిట ముగ్గు, అరుగుమీద ఒక ముసలాయన, గోడమీద పిల్లి. రాజులు పోయారు గానీ గండికోటలో పొయ్యి ఆరలేదన్నమాట.

గండి అంటే తెలుసుగా... చెరువుకట్టకి గండి పడిందంటాం, అదే. కర్ణాటకలో నంది కొండల దగ్గర పుట్టిన పెన్న, నెల్లూరు దాటి సముద్రంలో కలిసేలోగా, ఇక్కడ ఎర్రమల కొండల్ని కోసుకుంటూ ఒక గండి కొట్టింది. ఎన్ని యుగాలు కోసిందో! మాధవరాయస్వామి గుడి దాటి, రాళ్లమీద జాగ్రత్తగా నడుచుకుంటూ అంచుకి వెళ్లామా... నేను మావారి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఎదురెదురుగా రెండు ఎర్రటి రాతి గోడలు. ఒకదానిమీద ఒకటి దొంతి పేర్చినట్టు పలకలు పలకలుగా రాళ్లు, మన అటకమీద పేర్చిన పెట్టెల్లా. కొన్నిచోట్ల 300 అడుగుల లోతుంటుంది. ఆ అడుగున, వంపు తిరుగుతూ, ఏమీ ఎరగనట్టు పెన్న. పర్యాటకులు దీన్ని అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో పోలుస్తారు. నాకు మాత్రం ఇంకెవరితోనూ పోల్చాలనిపించలేదు. మన అమ్మాయి అందంగా ఉంటే అందంగా ఉందని చెప్పడానికి పక్కింటి పిల్ల పేరెందుకు?

ఈ గండి ఉంది కాబట్టే కోట. ఒక పక్క నది తవ్విన అగడ్త, మిగిలిన పక్కల రాతిగోడ, నలభై దాకా బురుజులు. విజయనగర ప్రభువుల కాలంలో పెమ్మసాని నాయకులు ఇక్కణ్నించి ఏలారు. 1520 రాయచూరు యుద్ధంలో కృష్ణదేవరాయల పక్షాన పోరాడిన రామలింగనాయుడు ఈ వంశం వాడే. 1565లో విజయనగరం పడిపోయి, రాయల వంశం పెనుకొండకీ ఆ తర్వాత చంద్రగిరికీ మారిపోయాక కూడా, ఇంకో ఎనభై ఏళ్ల పైచిలుకు గండికోట నిలబడే ఉంది.

మాకు కోట చూపించడానికి ఆ ఊరాయన ఒకడొచ్చాడు. ఇదిగో కారాగారం, ఇదిగో చార్మినారు, ఇదిగో పావురాల గోపురం, ఇది జామా మసీదు, ఇది రంగనాథస్వామి గుడి, ఇవన్నీ శత్రువులొస్తే ఇట్లా ఇట్లా... అని హుషారుగా చెప్పుకుపోతున్నాడు. రాణీమహలు అని ఒక శిథిలం చూపించాడు. నేను చుట్టూ తిరిగి చూసి, ఉండబట్టలేక అడిగాను.

"అన్నీ బాగున్నాయి గానీ, వంటిల్లెక్కడ?"

ఆయన నవ్వాడు. మావారూ నవ్వారు. "కోటకొచ్చి వంటిల్లు అడిగిన మనిషిని నిన్నే చూశాను" అన్నారు. నవ్వితే నవ్వారు గానీ, మీరే చెప్పండి, తప్పేముంది? వెయ్యి మంది సైనికులున్నారంటే వెయ్యి ఆకులు వెయ్యాలి కదా? రెండు పూటలా ఎసరు పెట్టాలి కదా? గుర్రాలకి ఉలవలుడకెయ్యాలి. ఆ నీళ్లెవరు మోశారు? ఆ గింజలెక్కడ పోశారు? చరిత్ర పుస్తకాల్లో ఫలానా రాజు మూడు నెలలు కోట కాపాడుకున్నాడని ఒక్క ముక్కలో రాసేస్తారు. మూడు నెలలు! మనింటికి పదిమంది చుట్టాలొచ్చి మూడు రోజులుంటేనే పప్పుల డబ్బాలు చప్పుడు చేస్తాయి.

నవ్వని మనిషి మా అత్తగారొక్కరే. "ఇట్రా మ్మే" అని చెయ్యి పట్టుకుని నన్ను తీసుకెళ్లింది. మసీదు పక్కనే ఒక పెద్ద కట్టడం. లోపల చల్లగా, చీకటిగా, ఎత్తయిన కమాను కప్పు. కేకేస్తే గొంతు మళ్లీ మనకే వచ్చి తగులుతుంది. "ఇది గాదె" అంది. ధాన్యాగారం! ఊరి గాదె కాదు, కోట గాదె. కొంచెం అవతల రాతిమెట్ల కోనేరు. ఇంకా అవతల రాయలచెరువు, ఇప్పటికీ ఆ పేరుతోనే. ఆ కోనేటికి కత్తుల కోనేరని పేరట. యుద్ధం నించి వచ్చి కత్తులు అందులో కడిగేవాళ్లని మా వెంట వచ్చినాయన చెప్పాడు. "కత్తులు కడిగినారో లేదో గానీ, మేమైతే చేతులు కడుక్కొని సద్ది తినింటిమి" అంది అత్తగారు. మగవాళ్లు ఒక కోనేటిలో కత్తులు చూశారు, ఈవిడ సద్ది చూసింది. రెండూ చరిత్రే కదా?

అప్పుడు నాకు గ్రంథాలయంలో చదివింది గుర్తొచ్చింది. తావర్నియే అని ఒక ఫ్రెంచి వజ్రాల వర్తకుడు, కోట గోల్కొండవారి చేతికి చిక్కిన కొత్తలో, 1652లో గండికోటకి వచ్చాడు. ఎక్కే దారి ఎంత ఇరుకో, పక్కన లోయ ఎంత భయంకరమో అంతా రాశాడు. ఆయన ఇంకోమాట కూడా రాశాడు. కొండమీద చిన్న మైదానం ఉంది, అందులో వరీ జొన్నల్లాంటి గింజలూ పండిస్తారు, చిన్న చిన్న ఊటలు ఎన్నో ఉన్నాయి వాటికి నీళ్లు పారడానికి అని. చూశారా! కోట లోపలే పొలం, కోట లోపలే నీళ్లు, కోట లోపలే గాదె. ఎవరో బుద్ధిమంతులు, ఇంటి లెక్క తెలిసినవాళ్లు ఆలోచించి అమర్చిన కాపరం అది. గోడ ఎంత ఎత్తు కట్టినా, లోపల బిందె ఖాళీ అయిన రోజు తలుపు తెరవాల్సిందే. అసలు కోట అంటే గోడలు కాదు, గింజలూ నీళ్లూ. గోడ వాటికి కప్పిన మూత, అంతే.

మరి అంత అమరికగా ఉన్న కోట ఎలా పడింది?

పడగొట్టినవాడు మన గోల్కొండనించే వెళ్లాడు. పేరు మీర్ జుమ్లా. పారశీక దేశంలో నూనె వర్తకుడి కొడుకు, వజ్రాల వ్యాపారులతో గోల్కొండ చేరి, అబ్దుల్లా కుతుబ్‌షా దగ్గర మంత్రి దాకా ఎదిగాడు. కర్ణాటక సీమ జయించమని సుల్తాను పంపితే సైన్యంతో బయల్దేరి ఒక్కొక్క కోటే పట్టుకుంటూ గండికోట చేరాడు. తావర్నియే లెక్కలో ముట్టడి మూడు నెలలు సాగింది. ఆ ఇరుకు దారిలో ఫిరంగులు పైకి లాగించడం తరం కాక, డచ్చివారి కొలువు వదిలి వచ్చిన యూరప్ ఫిరంగివాళ్లని పెట్టుకుని లాగించాడట. వాళ్లే లేకపోతే కోట దక్కేదే కాదంటాడు తావర్నియే.

మనవాళ్లు చెప్పుకునే కథ వేరు. మెకంజీ దొర పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఊరూరా కరణాల చేత రాయించి పోగుచేసిన కైఫీయతులు ఉన్నాయి కదా, ఆ పరంపరలో వచ్చిన కథ ఇది. ఫిరంగులతో పని కాక మీర్ జుమ్లా కపటానికి దిగాడట. మంత్రి పొదిలి లింగన్నని లోబరుచుకుని, అతని ద్వారా చినతిమ్మానాయుడికి విషం పెట్టించాడట. ఆ ఇంటి ఆడపడుచు గోవిందమ్మ కత్తి పట్టి శత్రువుల మీదికి దూకి, చంపి చచ్చిందని కూడా చెప్పుకుంటారు.

ఇందులో ఏది నిజం? చూసివచ్చినవాడు ఫిరంగులన్నాడు, ఊరివాళ్లు విషమన్నారు. పండితులు తేల్చుకుంటారు. నాకు మాత్రం ఒకటి అనిపించింది. ఊరు ఊరంతా తరాలపాటు ఆ విషం కథనే ఎందుకు చెప్పుకుందీ అని. గోడ కూలడం కంటే, నమ్మిన చెయ్యి పెట్టిన ముద్దలో విషం ఉండటం వాళ్లకి ఎక్కువ బాధ అనిపించి ఉంటుంది. ఎవరి చేతి అన్నం తింటున్నామో వాళ్లని నమ్మడమే కదండీ ఇల్లంటే! శత్రువు వంటింటిదాకా వచ్చాకే కోట పడిందని చెప్పుకున్నారు వాళ్లు. అంటే, గండికోటలో వంటిల్లు ఎక్కడని నేనడిగిన ప్రశ్న అంత నవ్వులాట ప్రశ్నేమీ కాదన్నమాట!

తావర్నియే మీర్ జుమ్లాని చూసిన తీరు మాత్రం భలే సరదాగా ఉంటుంది. అంత నవాబూ డేరాలో వట్టి కాళ్లతో కూర్చుని ఉన్నాడట. కాలివేళ్ల సందుల్లో కాగితాలు, ఎడమ చేతివేళ్ల సందుల్లో కాగితాలు. ఒకసారి చేతి సందులోంచి ఒకటి, ఒకసారి కాలి సందులోంచి ఒకటి తీసి, జవాబు చెబుతుంటే ఇద్దరు గుమస్తాలు రాసుకుంటున్నారట. బల్లలూ సొరుగులూ ఎందుకు, వేళ్లుండగా! పాలవాడి లెక్కా, కరెంటు బిల్లూ, రేషను కార్డూ అన్నీ ఒకే డబ్బాలో కుక్కే నాకు ఆ నవాబు మీద కొంచెం సానుభూతి కలిగింది.

అదే మనిషి గుళ్లలోని రాగి విగ్రహాలు పోగుచేయించి, కరిగించి ఫిరంగులు పోతపొయ్యమని మైయే అనే ఫ్రెంచివాడికి పురమాయించాడు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత మంటపెట్టినా కరగలేదనీ, చివరికి అతగాడు ఒక్క ఫిరంగి కూడా తయారుచెయ్యలేకపోయాడనీ తావర్నియే రాశాడు. ఆ మాట మా అత్తగారికి చెబితే ఎంత సంతోషమో! "కరగవు మ్మే. ఎట్లా కరుగుతాయి?" అని మాధవరాయస్వామి గుడివైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. గుళ్లో ఇప్పుడు పూజామూర్తి లేడు. చెక్కిన స్తంభాలున్నాయి, ఎత్తయిన గోపురముంది, గాలి ఉంది. ఆవిడ దణ్ణానికి అవి సరిపోయాయి.

మీర్ జుమ్లాకైనా గండికోట దక్కిందా? ఎక్కువ కాలం లేదు. సంపాదించిన దాంట్లో వాటా దగ్గర సుల్తానుతో చెడి, 1656లో మొగలాయిల పక్షం చేరాడు. ఆ తగవు సాకుగా ఔరంగజేబు గోల్కొండ మీదికొచ్చాడు. చివరికి ఈయన బెంగాలు సుబేదారై, అస్సాం దండయాత్ర వానల్లో చిక్కి జబ్బుపడి, 1663లో పోయాడు. ఎక్కడి పారశీకం, ఎక్కడి పెన్న, ఎక్కడి బ్రహ్మపుత్ర! కోట మాత్రం చేతులు మారుతూ మారుతూ, 1800లో నిజాం దత్తమండలాలు ఇచ్చేసినప్పుడు కుంపిణీవారికి చేరింది. ఇంతమంది వచ్చి, పోయి, చివరికి కోటలో మిగిలిందెవరంటే, ఇందాక చెప్పానే... గడపకి పసుపు రాసుకున్న ఆ ఇల్లాళ్లు.

మధ్యాహ్నం దాటాక ముద్దనూరు దారి పట్టాం. కొంతదూరం పోయాక అత్తగారు డ్రైవరుతో, "నాయనా, నీళ్లు బాగా కనపడే కాడ ఆపు" అంది. ఆపాడు. దిగాం.

కంటికి ఆనినంత మేరా నీళ్లు. దాదాపు 27 టి.ఎం.సి.లు పట్టే జలాశయం అది. పెన్న నీళ్లే కాదు, గాలేరు-నగరి పథకం కింద శ్రీశైలంనించి కాలవలూ సొరంగాలూ దాటి వచ్చిన కృష్ణ నీళ్లు. నీళ్లకి మొహం వాచిన సీమలో అంత నీరు చూస్తే ఎవరికైనా కడుపు నిండుతుంది. నాకూ నిండింది. కానీ 2020లో ఆ నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. మా అత్తగారి పుట్టిల్లూ వాటిలోదే.

ఆవిడ కొంగు తలమీదికి లాక్కుని, చెయ్యెత్తి, "ఆడ..." అంది. ఆగింది. చెయ్యి కొంచెం పక్కకి జరిపి, "ఆడ గావాల మా వాకిట్లో యాపమాను" అంది. మళ్లీ చెయ్యి ఇంకొంచెం జరిగింది. నీళ్లు అన్నిచోట్లా ఒకేలా ఉన్నాయి. ఎక్కడని చూపిస్తుంది? డెబ్బయి ఎనిమిదేళ్ల మనిషి, తన ఇల్లు ఎక్కడుందో తనకే గుర్తు దొరక్క వెతుక్కుంటుంటే, నేనూ మావారూ ఏం మాట్లాడాలో తెలియక నిలబడ్డాం.

కాసేపటికి ఆవిడే అంది: "పోనీలే. ఎవురో ఒకరు తాగుతాండారు గదా." మళ్లీ వెంటనే, "అయినా మాకు చెప్పేది ఇంగొంచెం మర్యాదగా చెప్పింటే బాగుండు" అంది. ఆ రెండు మాటలూ ఒకే గొంతుతో అంది. మొదటిది విని మెచ్చుకుని, రెండోది వినకుండా కారెక్కడానికి నాకు మనసొప్పలేదు. రెండూ నిజమే కదా!

తిరుగు ప్రయాణంలో రైల్లో నిద్రపట్టలేదు. ఎవరో ఒకరు తాగుతున్నారన్నదే, ఆ ఎవరో ఒకళ్లలో నేనూ ఉన్నానా అని ఆలోచన. ఈ జలాశయం నీళ్లు నేను తాగకపోవచ్చు. కానీ మా హైదరాబాదుకి వచ్చే కృష్ణ నీళ్లు నాగార్జునసాగర్‌నించి కదూ? 1955లో ఆ సాగరానికి శంకుస్థాపన చేశారు. ఇక్ష్వాకుల విజయపురి, బౌద్ధ విహారాలు ఉన్న లోయ మునిగిపోతుందని ముందే తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాల్ని రాయి రాయీ తరలించి కొండమీద మళ్లీ నిలబెట్టారు. మ్యూజియం కట్టారు. మంచిపని. లాంచీలో వెళ్లి చూసి మురిసిపోయిన వాళ్లలో నేనూ ఉన్నాను. కానీ ఆ లోయలోనూ ఊళ్లుండేవి, ఆ ఊళ్లలోనూ వంటిళ్లుండేవి. స్తూపాన్ని కొండమీదికి చేర్చడానికి ప్రభుత్వం ఉంది. వంటింటిని ఎవరు చేరుస్తారు? మ్యూజియంలో ఏ అద్దాల బీరువాలో పెడతారు?

తెల్లారి అంబర్‌పేట చేరి, తలుపు తీసి, అలవాటుగా బాల్కనీ తలుపు తెరిచాను. రోలు అక్కడే ఉంది. మూడురోజుల దుమ్ము పట్టి, పైన ఎవరో విసిరిన వేపపుల్ల ఒకటి పడి ఉంది. దాని లోపలి గుంటలో చెయ్యి పెట్టి చూశాను, అన్నేళ్లలో మొదటిసారి. అద్దంలా నున్నగా ఉంది. ఆ నునుపు రాతిది కాదు కదా. మా అత్తగారి అమ్మ, ఆవిడ అత్త, ఆ అత్తకి అత్త... ఎందరి చేతులు తిరిగితే ఆ రాయి అంత నునుపెక్కిందో! గండికోట గోడకి శాసనాలున్నాయి. ఆ ఇంటికి శాసనం ఇదొక్కటే.

తడిగుడ్డ తెచ్చి తుడుస్తుంటే వెనకనించి అత్తగారు, "ఏమ్మే, ఇంగ దాన్ని కిందికి దింపించేస్తావా?" అంది. ఆవిడకి ఆ మాట ఎప్పుడు చెవిన పడిందో! సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"లేదత్తయ్యా. పచ్చడిబండ ఎక్కడుంది? ఆదివారం ఊరిబిండి చేద్దాం. మీరు కుర్చీలో కూర్చుని చెప్పండి, నేను నూరతాను."

బట్టలారేసుకునే తీగల్లో ఒకటి తీసేయాల్సొచ్చింది. మావారి చొక్కాలు ఇప్పుడు హాల్లో ఆరుతున్నాయి. ఆయన పేపర్లోంచి తలెత్తి చూశారు గానీ, ఏమీ అనలేదు.